మాట వినిపించే పెట్టె

మా ఊరి చావిడిలో ఒక స్పీకరు పెట్టె ఉంది. మా ఊరి కుర్రాళ్లే చేశారు. పాట పెడితే చావిడి గోడలు అదురుతాయి. డప్పు దెబ్బ పడితే గుండెలో తగులుతుంది. ఆ పెట్టె అంటే అందరికీ ముచ్చటే.

ఒకసారి మా ఊరికి కంటి డాక్టర్లు వస్తున్నారని తెలిసింది. ఆ పెట్టెలోనే చాటింపు వేశాం. "పదమూడో తేదీ, బడి దగ్గర" అని మూడుసార్లు చెప్పాం. పదమూడో తేదీన డాక్టర్లు వచ్చారు. కళ్లు చూశారు. వెళ్లిపోయారు. పదహారో తేదీన ముగ్గురు ముసలమ్మలు కర్ర పట్టుకుని బడి దగ్గరికి వచ్చారు. అక్కడ ఎవరూ లేరు. ఆ ముగ్గురిలో మా పెద్దమ్మ ఒకతి. ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలు.

"పదహారు అనే కదరా చెప్పారు?" అంది పెద్దమ్మ.

చెప్పింది పదమూడు. ఆమెకు వినపడింది పదహారు. ముసలిదాని చెవి దోషం అన్నారు కొందరు. చెప్పినవాడు నోట్లో వక్క పెట్టుకుని చెప్పాడు అన్నారు ఇంకొందరు. పెట్టెను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అంత గట్టిగా మోగే పెట్టెకు వంక పెట్టేదెవరు?

రాత్రి బడిలో మాకు అనుమానం వచ్చింది. గట్టిగా మోగడం, మాట తెలియడం ఒకటేనా? ఒకే స్పీకరు తీసుకుని నాలుగు రకాలుగా బిగించి చూద్దాం అనుకున్నాం. ఆ సంగతే ఇక్కడ చెబుతున్నాం. మీరూ చేసుకోవచ్చు.

స్పీకరు ఎలా పలుకుతుంది?

పాత స్పీకరు ఒకటి చేతిలోకి తీసుకోండి. ముందువైపు కాగితపు గరాటు కనిపిస్తుంది. వెనక బరువైన సూదంటురాయి ఉంటుంది. గరాటు అడుగున సన్నని రాగి తీగ చుట్ట ఉంటుంది. అది సూదంటురాయి మధ్య సందులో ఆడుతుంది.

తీగ చుట్టలో కరెంటు ఒకవైపు పారితే చుట్ట ముందుకు కదులుతుంది. ఎదురు పారితే వెనక్కి పోతుంది. చుట్టతో పాటు కాగితం కదులుతుంది. కాగితం గాలిని నెడుతుంది, లాగుతుంది. ఆ కదిలే గాలే మన చెవికి తగిలే శబ్దం. అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఇలాంటి స్పీకరు గురించి 1925లో రాసి చూపించారు. నేటికీ ఎక్కువ స్పీకర్లు ఆ పద్ధతిలోనే పనిచేస్తున్నాయి.

కాగితం సెకనుకు 100 సార్లు ఊగితే లావు శబ్దం. 3000 సార్లు ఊగితే సన్న శబ్దం. మగవాళ్ల గొంతు అడుగు శబ్దం సెకనుకు దాదాపు 100 ఊపులు. ఆడవాళ్లది దాదాపు 200. కానీ మాటలో అదొక్కటే లేదు. "ఆ", "ఊ", "ఓ" అని చూడండి. ఇవి లావుగా, బలంగా వస్తాయి. ఇప్పుడు "స", "చ", "త" అనండి. ఇవి సన్నగా, చటుక్కున వచ్చి పోతాయి. వీటిలో చాలా భాగం 2000 ఊపుల పైనే ఉంటుంది.

ఉప్పు, పప్పు, నిప్పు, చెప్పు, అప్పు, ముప్పు. ఈ మాటలకు తోక ఒకటే. మొదటి అక్షరం వినపడకపోతే ఉప్పు అడిగితే నిప్పు తెస్తారు. మాటకు బలం ఇచ్చేది లావు శబ్దం. మాటను మాటగా నిలబెట్టేది సన్న శబ్దం. వయసు మీదపడితే చెవికి ముందు పోయేది సన్న శబ్దాలే. అందుకే ముసలివాళ్లు "నువ్వు అరుస్తున్నావు కానీ ఏమంటున్నావో తెలియడం లేదు" అంటారు. ఆ మాట అక్షరాలా నిజం.

ఒక్క స్పీకరు చాలా?

అంగడిలో దొరికే పెద్ద పెట్టెలలో రెండు మూడు స్పీకర్లు ఉంటాయి. లావు శబ్దానికి పెద్దది, సన్న శబ్దానికి చిన్నది. ఏ శబ్దం దేనికి పోవాలో పంచడానికి లోపల వేరే సామాను ఉంటుంది. పెట్టె మీద వేల వాట్లు అని రాసి ఉంటుంది. ఆ అంకెలను నమ్మి డబ్బు పోయవద్దు.

ఒక్క స్పీకరు పెట్టెలో లావూ సన్నమూ ఒకే కాగితం పలకాలి. ఖర్చు తక్కువ. పంచే సామాను అక్కర లేదు. మాట అంతా ఒకే చోటి నుంచి వస్తుంది. పెద్దవాళ్లకు పంచాయతీ రేడియో గుర్తుండే ఉంటుంది. సాయంత్రం చావిడి దగ్గర ఊరంతా చేరి విన్న ఆ రేడియోలో మాట వచ్చేది ఒక్క స్పీకరులోంచే.

దీనికి లోపాలూ ఉన్నాయి. మరీ లావు శబ్దం, మరీ సన్న శబ్దం రెండూ తగ్గుతాయి. అయినా మాటకు అవి అంతగా అక్కర లేదు. పాత తీగ టెలిఫోనులో 300 నుంచి 3400 ఊపుల వరకే పంపేవారు. అయినా దుబాయి నుంచి కొడుకు మాట్లాడితే తల్లికి అర్థమయ్యేది కదా. ఇంకో లోపం ఉంది. కాగితం వెడల్పు పెరిగేకొద్దీ సన్న శబ్దం టార్చిలైటు వెలుగులా ఎదురుగానే పోతుంది. పక్కన కూర్చున్నవాళ్లకు చేరదు. మాటల కోసం అయితే 8 అంగుళాలదాని కంటే 4, 6 అంగుళాల స్పీకరు మేలు.

మేము 6 అంగుళాలది తీసుకున్నాం. రేడియోలు బాగుచేసే అబ్బాయి దగ్గర పాతది దొరికింది. పాత పెట్టె టీవీలలో కూడా మంచి స్పీకర్లు ఉంటాయి. అయితే టీవీని మీరు విప్పకండి. ఆపేసినా దాని గాజు బుడ్డిలో ప్రాణం తీసే కరెంటు నిలిచి ఉంటుంది. మెకానిక్కునే తీసి ఇవ్వమనండి.

స్పీకరు బాగుందో లేదో చూడటానికి ఒక టార్చి సెల్లు చాలు. రెండు తీగలను సెల్లుకు ఇలా తాకించి అలా తీసేయండి. "టక్" మని కాగితం కదిలితే బతికి ఉన్నట్టే. కాగితాన్ని వేళ్లతో మెల్లగా, సమంగా లోపలికి నొక్కండి. గరగర మంటే తీగ చుట్ట రాసుకుంటోంది. అది వద్దు. గోడ ప్లగ్గులోని కరెంటు ఎప్పుడూ స్పీకరుకు పెట్టకూడదు. స్పీకరు వెనక 4 ఓములు అనో 8 ఓములు అనో రాసి ఉంటుంది. మీ ఆంప్లిఫయర్ మీద రాసిన అంకె కంటే అది తక్కువ ఉండకూడదు. తక్కువైతే ఆంప్లిఫయర్ వేడెక్కి పోతుంది.

నాలుగు రకాలు

ముందు ఏమీ బిగించకుండా చేత్తో పట్టుకుని మోగించాం. కీచుగా, దోమ పాడినట్టు ఉంది. ఎందుకని? కాగితం ముందుకు పోయినప్పుడు ముందు గాలి చిక్కబడుతుంది. అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. ముందు గాలి అంచు మీదుగా వెనక్కి జారిపోతుంది. విసనకర్రను మరీ నెమ్మదిగా కదిలిస్తే గాలి అంచుల పక్కనుంచి జారుకుంటుంది, మొహానికి తగలదు. ఇదీ అంతే. లావు శబ్దం నిదానంగా ఊగుతుంది కాబట్టి జారుకోవడానికి వ్యవధి ఉంటుంది. సన్న శబ్దానికి ఆ వ్యవధి లేదు. ముందు గాలిని, వెనక గాలిని విడదీయడమే పెట్టె చేసే పని.

మొదటిది పలక. రెండున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న చెక్కకు కన్నం కోసి స్పీకరు బిగించాం. కన్నం నడిమధ్యలో పెట్టకుండా కాస్త పక్కకు పెట్టాం. గాలి చుట్టూ తిరిగి రావడానికి అన్నివైపులా ఒకే దూరం ఉండకూడదు.

రెండోది అన్నివైపులా మూసిన పెట్టె. మా వడ్రంగి తాత 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్డుతో చేశాడు. లోపలి కొలతలు 12, 10, 8 అంగుళాలు. అంటే దాదాపు 16 లీటర్ల చోటు. మూడు కొలతలూ వేరువేరుగా ఉండటం మంచిది. అన్నీ సమానమైతే ఒకే శబ్దం లోపల పదే పదే కొట్టుకుని ఉబ్బుతుంది. సందులకు లప్పం పెట్టాం. స్పీకరు అంచు కింద పాత సైకిలు ట్యూబు కోసి వేశాం. గాలి ఎక్కడా కారకూడదు. లోపల సగం దాకా పాత దూది పరిచాం. మూసిన పెట్టెలో గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. సైకిలు పంపు మూతి వేలితో మూసి నొక్కితే ఎదురు తంతుంది కదా, అలాగ. పెట్టె మరీ చిన్నదైతే ఆ స్ప్రింగు బిగుసుకుపోయి లావు శబ్దం చచ్చిపోతుంది.

మూడోది కన్నం పెట్టె. కొలతలు అవే. ముందు చెక్కకు 3 అంగుళాల కన్నం ఒకటి అదనం. మా కుర్రాళ్ల పెద్ద పెట్టెకు కూడా ఇలాంటి కన్నమే ఉంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒక శబ్దం వస్తుంది. ప్రతి సీసాకూ తనదంటూ ఒక శబ్దం ఉంటుంది. కన్నం ఉన్న పెట్టె కూడా పెద్ద సీసాయే. తన శబ్దం వచ్చినప్పుడల్లా అది కూడా గొంతు కలుపుతుంది.

నాలుగోది కుండ. ఇది మా కుమ్మరి అత్త సలహా. సెల్ ఫోనును స్టీలు గ్లాసులో పెట్టి పాటలు వినేవాళ్లను చూసి ఉంటారు. కుండ మూతి మీద స్పీకరు బోర్లించి పాటలు వినే అలవాటు కూడా ఉంది. మేము చెంబుతో నీళ్లు కొలిచి, పెట్టెకు పట్టేన్ని నీళ్లు పట్టే కుండనే తీసుకున్నాం. లేకపోతే పోటీ సమానం కాదు. మూతికి చెక్క చక్రం బిగించి దానిలో స్పీకరు పెట్టాం. సందులు జిగురుతో మూశాం.

ఎలా పోల్చాలి?

ఇక్కడే అందరూ పొరబడతారు. ముందు మేమూ పొరబడ్డాం. నాలుగింటిలో ఒకే సినిమా పాట పెట్టి "ఏది బాగుంది?" అని అడిగాం. అందరూ కన్నం పెట్టెకే చేతులెత్తారు. కుండ రెండోది. అప్పుడు రేడియో అబ్బాయి ఒక తమాషా చేశాడు. మూసిన పెట్టెకు శబ్దం కాస్త పెంచాడు. వెంటనే కొన్ని చేతులు అటు మారాయి.

ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగుందనిపిస్తుంది. ఇది మనిషి చెవి గుణం. అంగడివాళ్లకు ఈ సంగతి తెలుసు. అమ్మదలచుకున్న పెట్టెకు కాస్త శబ్దం పెంచి వినిపిస్తారు. కాబట్టి ముందు శబ్దాన్ని సమానం చేయాలి. ఒకే మనిషిని పది అడుగుల దూరంలో కూర్చోబెట్టాం. నాలుగూ ఆ మనిషికి ఒకే గట్టిగా వినపడేలా మీట తిప్పి, మీట పక్కన సుద్దతో గీత గీశాం. ఫోనులో శబ్దం కొలిచే సాధనం ఉంటే ఇంకా మంచిది.

రెండోది తెర. అడ్డంగా దుప్పటి కట్టాం. నున్నగా రంగేసిన పెట్టె బాగా పలుకుతుందనీ, కుండ పలకదనీ కళ్లు ముందే తీర్పు చెప్పేస్తాయి. ముందు ఏది మోగించాలో చీటీలు తీసి నిర్ణయించాం.

మూడోదే అసలైనది. చెవికి శబ్దం ఎక్కువసేపు గుర్తుండదు. ఒక పెట్టె విప్పి స్పీకరును ఇంకోదానికి బిగించేలోపు మొదటిది ఎలా ఉందో మరిచిపోతాం. కాగితం మీద రాసుకుంటే ఎక్కడికీ పోదు. రాత్రి బడిలో నేర్చుకున్న రాత ఇక్కడ పనికొచ్చింది. కాలు, పాలు, చాలు. కల, తల, వల. కోడి, గోడ. పలక, పడక, పడగ. ఇలాంటి మాటలు 20 చొప్పున నాలుగు పట్టీలు రాశాం. మా గుంపులో ఒక అక్క వాటిని చదివితే ఫోనులో పట్టాం. ఒక్కో పెట్టెకు ఒక్కో పట్టీ. ఒకే పట్టీ అయితే రెండోసారికి కంఠతా వచ్చేస్తుంది. మావాళ్లు నిదానంగా రాస్తారు. అందుకని మాటకూ మాటకూ మధ్య పది లెక్కపెట్టేంత సేపు ఆగాం.

పెద్దమ్మకు రాయడం రాదు, చూపూ ఆనదు. ఆమె చెబితే మనవరాలు రాయాలి. మొదట ఆ పిల్ల నాయనమ్మ చెప్పింది కాకుండా తనకు వినపడింది రాసింది. అలా కాదని మళ్లీ మొదలుపెట్టాం. పిల్ల చెవులు గట్టిగా మూసుకుని కూర్చునేది. మాట వినపడ్డాక పెద్దమ్మ భుజం తట్టేది. అప్పుడు చెవులు తీసి, ఆమె చెప్పింది విని రాసేది.

కాగితాలు ఏం చెప్పాయి?

కాగితాలు దిద్దుతుంటే మాకే నవ్వొచ్చింది. పాటలో గెలిచిన కన్నం పెట్టె మాటలో మూడోదయింది. కుండ అన్నిటికంటే వెనకబడింది. మూసిన పెట్టె, పలక మొదట నిలిచాయి. రెంటికీ పెద్ద తేడా లేదు. చెవులు బాగున్న కుర్రాళ్లకు కన్నం పెట్టెలోనూ రెండు మూడు తప్పులే వచ్చాయి. పెద్దమ్మకు మాత్రం అందులో 20 మాటల్లో 11 మాత్రమే సరిపోయాయి. మూసిన పెట్టెలో 16 సరిపోయాయి. ఒక్క పూట పరీక్ష ఇది. మీ ఊళ్లో అంకెలు ఇలాగే రావాలని లేదు.

కారణం ఏమిటి? కన్నం పెట్టె తన శబ్దం ఎంతో లెక్క వేస్తే సెకనుకు దాదాపు 100 ఊపులు వచ్చింది. మగవాళ్ల గొంతు అడుగు శబ్దం అదే. మా ఊళ్లో చాటింపు వేసేది మగవాళ్లే. వాళ్లు నోరు తెరిస్తే చాలు, పెట్టె గొంతు కలుపుతుంది. లావు శబ్దం ఉబ్బితే దాని కింద సన్న శబ్దాలు మునిగిపోతాయి. "మూ", "హా" అనే అక్షరాల తేడా ఆ హోరులో పోతుంది. పదమూడు పదహారు అవుతుంది. పట్టీ చదివింది ఆడమనిషి కాబట్టి మా పరీక్షలో కన్నం పెట్టె ఆ మాత్రమైనా నెగ్గుకొచ్చింది. అందరి కన్నం పెట్టెలూ చెడ్డవని కాదు. ఇదే పెట్టెకు 2 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల పొడవు ఉన్న నీళ్ల గొట్టం ముక్కను కన్నంలో బిగిస్తే దాని శబ్దం దాదాపు 50కి దిగుతుంది. అప్పుడు మాట జోలికి రాదు. లెక్క లేకుండా కన్నం కొడితేనే చిక్కు.

కుండ సంగతి వేరు. ఖాళీ బానలో తల పెట్టి "ఓయ్" అనండి. గుమ్మంటుంది. గట్టి గోడ, గుండ్రని కడుపు. శబ్దం అన్నివైపులా తగిలి మధ్యకు తిరిగొస్తుంది. కుమ్మరి అత్తకు రోషం వచ్చింది. "ఖాళీ ఇల్లు ఎవరిదైనా గుమ్మనే అంటుంది. ధాన్యం బస్తాలు వేస్తే అంటుందా?" అంది. ఆమె మాట నిజమే. మర్నాడు కుండ నిండా వదులుగా బూరుగు దూది కూరి, కొత్త పట్టీతో మళ్లీ చూశాం. కుండ మూసిన పెట్టె దగ్గరదాకా వచ్చింది. మట్టి గోడ చెక్కలాగా అదరదు. ఖర్చు పెట్టెలో నాలుగో వంతు కూడా లేదు. పగిలితేనే చిక్కు.

పలక మంచిదే కానీ దాని వెనకవైపు కూడా ముందువైపు అంతే శబ్దం వస్తుంది. గోడకు ఆనిస్తే గోడ తిరిగి పలుకుతుంది. మూడు నాలుగు అడుగులు ఎడంగా పెట్టాలి. మా చావిడిలో అంత చోటు లేదు. కాబట్టి మూసిన పెట్టెనే ఉంచుకున్నాం.

దాన్ని ఆరడుగుల ఎత్తున కట్టి, కూర్చున్నవాళ్ల చెవుల వైపు కొద్దిగా వంచాం. సన్న శబ్దం టార్చి వెలుగులా పోతుందని చెప్పాం కదా. ఈ పెట్టె ముప్పై నలభై మందికి సరిపోతుంది. ఊరంతటికీ వినపడాలంటే స్తంభం మీద బాకా ఉండాల్సిందే. వానాకాలంలో పెట్టెకు గోనె కప్పుతున్నాం. కుండను చావిడి వెనక వసారాలో పెట్టాం. అందులోకి ఒక ఎలుక దూరి దూది లాగేసింది. ఇప్పుడు తీగ పోయే కన్నానికి కూడా లప్పం పెట్టాం.

పెద్ద పెట్టెను పారేయలేదు. పండగల్లో పాటలకు అదే. చాటింపు మాత్రం చిన్న పెట్టెలో. తేదీ చెప్పేటప్పుడు అంకెలు విడదీసి కూడా చెబుతున్నాం. "పదమూడు. ఒకటి, మూడు" అని. వారం పేరు కూడా కలుపుతున్నాం. కంటి డాక్టర్లు మళ్లీ వచ్చినప్పుడు ముగ్గురు ముసలమ్మలూ పొద్దున్నే బడి దగ్గర వరసలో ఉన్నారు. పెద్దమ్మకు ఒక కంటికి ఆపరేషను అయింది. రెండో కంటికి రమ్మన్న తేదీని మనవరాలు బొగ్గుతో గోడ మీద పెద్ద అంకెలతో రాసి పెట్టింది.